రోజుకి 1350 క్యాలరీలే తింటున్నా, ఏడు వారాలుగా బరువు కదలట్లేదు. తప్పెక్కడ?

బెజవాడ_బుజ్జమ్మ · సోమవారం ఉదయం 6.40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ కాటా మీంచి దిగాక ఏడుపొచ్చినంత పనైంది, అందుకే రాస్తున్నా.

వయసు 38, ఎత్తు 162 సెంటీమీటర్లు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టినప్పుడు 78 కిలోలు. ఏప్రిల్ మధ్యకల్లా 71.4కి వచ్చాను. అక్కణ్ణుంచి ఏడు వారాలుగా 71.2, 71.6, 71.4 అంటూ అక్కడక్కడే తిరుగుతోంది. యాప్‌లో రోజూ రాస్తున్నా, ఒక్క పూట కూడా వదల్లేదు. సగటు 1350 క్యాలరీలు.

తినేది ఇదీ: పొద్దున మూడు ఇడ్లీలు, కొంచెం పల్లీ చట్నీ. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, కూర, పప్పో చారో, పెరుగు. రాత్రి రెండు పుల్కాలు, కూర. రెండు కాఫీలు. స్వీట్లు మానేశా. వేపుళ్లు, బజ్జీలు ముట్టుకోవట్లేదు. సాయంత్రం 45 నిమిషాలు నడక. నెల నుంచి ఇంట్లో స్క్వాట్స్ కూడా చేస్తున్నా.

వంట అత్తయ్యది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. ఇంట్లో ఐదుగురం: అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు.

థైరాయిడ్ పోయిన నెలే చూపించాను, నార్మల్. షుగర్ లేదు. ఇంకా తగ్గించి 1100 చేయమంటారా?

సాయి_ఫిట్ · సోమవారం ఉదయం 7.15

థైరాయిడ్ చూపించుకోండి మేడమ్. అదే అయ్యుంటుంది.

బెజవాడ_బుజ్జమ్మ · సోమవారం ఉదయం 7.18

చివర్లో రాశానండి, నార్మల్ అని.

కరీంనగర్_శ్రీను · సోమవారం ఉదయం 8.02

అక్కా, మీరు మరీ తక్కువ తింటున్నారు. బాడీ స్టార్వేషన్ మోడ్‌లోకి పోయింది. తిన్నదంతా కొవ్వు కింద దాచుకుంటుంది. వారం రోజులు కడుపునిండా తినండి, మెటబాలిజం మళ్లీ స్టార్ట్ అయితది. మా జిమ్ ట్రైనర్ కూడా ఇదే చెప్పిండు. నేను కూడా రెండు నెలల నుంచి 88 దగ్గరే ఆగిపోయిన.

జువాలజీ_మాస్టారు · సోమవారం ఉదయం 10.30

శ్రీనూ, ఆ మాట చాలామంది ట్రైనర్లు చెబుతారు. కొంచెం నిజం ఉంది, కొంచెమే.

1944-45లో అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని ఆరు నెలల పాటు సగం తిండి మీద ఉంచాడు. రోజుకి 1600కి అటూఇటూ క్యాలరీలు, పైగా వారానికి 22 మైళ్ల నడక. వాళ్ల జీవక్రియ బాగా మందగించింది. చలికి తట్టుకోలేకపోయారు, తిండి తప్ప ధ్యాస లేకుండా పోయింది. కానీ బరువు? నాలుగో వంతు తగ్గారు. చివర్లో వేగం నెమ్మదించింది. తక్కువ తిని ఎవరూ కొవ్వు పెంచుకోలేదు.

ఇక బుజ్జమ్మ గారి లెక్క. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ఉంది. ఆడవాళ్లకైతే బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో హెచ్చవేసి కలపాలి, అందులోంచి వయసుకి ఐదు రెట్లు తీసెయ్యాలి, ఇంకో 161 తీసెయ్యాలి. మీకు వేస్తే 1375 వస్తోందమ్మా. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా ఒంటికి అంత ఖర్చవుతుంది. ఆఫీసు, నడక, ఇంటి పని కలుపుకుని 1.35తో హెచ్చవేస్తే 1850 దగ్గర. మీరు 78 కిలోలున్నప్పుడు ఇదే లెక్క 1945 చూపిస్తుంది. ఆరున్నర కిలోలు తగ్గినందుకు ఒంటి ఖర్చు తగ్గింది 90. శరీరం తెలివిగా ఇంకో యాభయ్యో వందో పొదుపు చేసిందనుకుందాం. అయినా 1350 తింటే ఏడు వారాల్లో రెండున్నర, మూడు కిలోలు దిగాలి. దిగలేదు.

కాబట్టి రెండే దారులు. ఒకటి, దిగిన కొవ్వుని నీరు కప్పేసింది. నెల కింద స్క్వాట్స్ మొదలుపెట్టారు కదా, కొత్త వ్యాయామం చేసిన కండరాలు నీరు పట్టుకుంటాయి. కానీ ఏడు వారాలు, మూడు కిలోలు అంటే నీటికి పెద్ద బరువే. రెండు, మీరు తింటున్నది 1350 కాదు.

కోప్పడకండి. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ప్రసిద్ధమైన అధ్యయనం వచ్చింది. "1200 కన్నా తక్కువ తింటున్నాం, అయినా తగ్గట్లేదు" అన్నవాళ్లని తీసుకుని, ప్రత్యేకమైన నీళ్లు తాగించి, ఒంటి ఖర్చుని కచ్చితంగా కొలిచారు. వాళ్ల జీవక్రియ మామూలుగానే ఉంది. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ రాశారు, చేసిన పనిని 51 శాతం ఎక్కువ రాశారు. వాళ్లు అబద్ధాలకోరులేం కాదు. కంటికి కొలత రాదు, అంతే.

1100కి దిగే మాట మాత్రం వద్దు. లెక్క తప్పినప్పుడు లెక్క సరిచేసుకోవాలి, తిండి కాదు.

కరీంనగర్_శ్రీను · సోమవారం ఉదయం 10.55

అయితే 1850లోంచి 1350 తీసేస్తే మిగిలే ఆ 500 క్యాలరీలు ఏడబోయినట్టు మాస్టారూ?

డాలస్_దీప · సోమవారం రాత్రి 8.10

ఒక చోటు నేను చెప్తాను: "ఒక కప్పు అన్నం".

బుజ్జమ్మ గారూ, మీ యాప్‌లో కప్పు అన్నం 205 క్యాలరీలని ఉందా? ఉంటే అది మా అమెరికా కప్పు. 240 మిల్లీలీటర్ల కొలత కప్పు, అందులో వదులుగా వేసిన పొడుగు గింజ అన్నం 158 గ్రాములు. మీ ఇంట్లో కప్పంటే ఏంటి? నేనిక్కడికి వచ్చిన కొత్తలో మా అమ్మ ఇచ్చిన స్టీలు గిన్నెని "కప్పు" అని రాసుకునేదాన్ని. ఒకరోజు అనుమానం వచ్చి తూచితే 290 గ్రాములు! సోనా మసూరి మెత్తగా వండి గరిటెతో నొక్కి పెడితే అంత పడుతుంది మరి. ఏడాది పాటు ఒక కప్పు రాసి రెండు కప్పులు తిన్నాను.

చికెన్ కూడా అంతే. పచ్చిది తూచి, వండినదాని పేరు మీద రాస్తే ఒక లెక్క, వండినది తూచి పచ్చిదాని పేరు మీద రాస్తే ఇంకో లెక్క. వండాక నీరు పోయి బరువు నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ఏది తూచారో అదే పేరు యాప్‌లో వెతకాలి.

పాతకాలం_మనిషి · సోమవారం రాత్రి 9.00

ఇదంతా చూస్తుంటే నవ్వొస్తోంది. మా నాయనమ్మ నెయ్యి పోసుకుని తిని తొంభై ఏళ్లు సన్నగా బతికింది. ఏ యాప్‌లో రాసింది? తిండిని గ్రాముల్లో తూచుకుని తినే రోజులొచ్చాయి.

వంటింటి_తక్కెడ · మంగళవారం ఉదయం 5.50

పాతకాలం గారూ, మీ నాయనమ్మ గారు కొలవలేదని ఎవరన్నారు? మా నాయనమ్మ బియ్యం డబ్బాలో సోల ఉండేది, నూనె జాడీ మీద గిద్ద బోర్లించి ఉండేది. ఇంతమందికి ఇన్ని సోలలని కొలిచి పోసేది. గిద్దెడు నూనె తెస్తే అది ఎన్నాళ్లు రావాలో ఆవిడకి తెలుసు. చెయ్యి వంచి ప్యాకెట్టు పోసేది మనం. పైగా ఆవిడ రుబ్బేది రోట్లో, నీళ్లు తోడేది బావిలో.

సరే, బుజ్జమ్మ గారికి. నాది రాజమండ్రి, ఏడాదిన్నరలో 17 కిలోలు తగ్గాను, మధ్యలో రెండుసార్లు మీలాగే ఆగిపోయాను. నేను నేర్చుకున్నది ఒకటే: మన వంటలో కంచం కొలిస్తే లాభం లేదు, గిన్నె కొలవాలి. యాప్‌లో "వంకాయ కూర, ఒక బౌల్, 90" అని ఉంటుంది. ఎవరి వంకాయ? ఎవరి చెయ్యి?

పోయిన ఆదివారం మా ఇంట్లో గుత్తి వంకాయ చెప్తాను. కాయలు 600 గ్రాములు, అవి 150 క్యాలరీలు. పల్లీలు 60 గ్రాములు, 340. నువ్వులు 20 గ్రాములు, 115. ఎండుకొబ్బరి 20 గ్రాములు, 130. ఉల్లిపాయ, చింతపండు ఒక 60 వేసుకోండి. నూనె 70 గ్రాములు, 630. మొత్తం 1425. దించాక కూర తూచితే 850 గ్రాములుంది. అంటే వంద గ్రాములకి 168. నేను వేసుకున్నది 120 గ్రాములు, 200 క్యాలరీలు. యాప్ ప్రకారం 90. కూర ఒక్కటే. ఆ కూర క్యాలరీల్లో సగానికి కొంచెం తక్కువ నూనేవేనని గమనించండి.

పని కష్టమేం కాదు:

కాటా ఒకటి కొనండి, ఒక గ్రాము తేడా చూపించేది, ఐదు కిలోల దాకా తూగేది. నాలుగైదొందలకి వస్తుంది. ఇంట్లో రోజూ వండే గిన్నెలు, మూకుడు ఖాళీగా ఒకసారి తూచి, ఆ బరువులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వండాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేస్తే కూర బరువు.

నూనెకి ఒక చిట్కా ఉంది. స్పూన్లతో కొలవకండి, ఆ స్పూను ఎప్పుడూ పొంగుతూనే ఉంటుంది. నూనె గిన్నెనే కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. తీసుకెళ్లి మూకుట్లో పోసి మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్ 32 అని చూపిస్తే పోసింది 32 గ్రాములు. గ్రాముకి తొమ్మిది క్యాలరీలు. దోసెలు పోసేటప్పుడు కూడా ఇదే, మొదలుపెట్టే ముందు ఒకసారి, చివరి దోసె అయ్యాక ఒకసారి.

అన్నం: మా ఇంట్లో 400 గ్రాముల బియ్యం వండితే 1120 గ్రాములవుతుంది. బియ్యం వందకి 350 వేసుకుంటే మొత్తం 1400, అంటే అన్నం వందకి 125. నీళ్లు ఎక్కువ పోస్తే ఇది మారుతుంది, అందుకే మీ ఇంటి అన్నం మీరే తూచుకోవాలి. ఇడ్లీకి ఇంకా తేలిక. 200 గ్రాముల మినప్పప్పు, 400 గ్రాముల రవ్వ, మొత్తం 2100 క్యాలరీలు. నాకు 40 ఇడ్లీలు వస్తాయి, ఒక్కోటి 52. మీ రేకులు పెద్దవైతే 30 వస్తాయి, అప్పుడు ఒక్కోటి 70. ఇది నెలకోసారి లెక్కేస్తే చాలు.

అంకెలు ఎక్కడ్నుంచి అంటారా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు వేసింది, 528 పదార్థాలు. మన కందిపప్పు, మన తోటకూర, మన చేపలు. ఒక్కటి జాగ్రత్త, అందులో శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది. మొదటిసారి బియ్యానికి పధ్నాలుగు వందల పైచిలుకు చూసి నా గుండె ఆగినంత పనైంది! క్యాలరీలు కావాలంటే 4.184తో భాగించాలి.

చివరి మాట, ఇది ముఖ్యం. కాటాని మొదటి రోజే అత్తయ్య గారి పొయ్యి పక్కన పెట్టకండి. మా ఇంట్లో ఆ తప్పు చేసి పది రోజులు మాటలు లేకుండా తిన్నాం.

బెజవాడ_బుజ్జమ్మ · మంగళవారం ఉదయం 7.05

తక్కెడ గారూ, ఆ చివరి మాట చదివి ఆఫీసు బస్సులో గట్టిగా నవ్వేశాను. అదేనండీ నా టెన్షన్. "నూనె లెక్క పెడుతున్నావా అమ్మాయ్" అంటే ఏం చెప్పను? ఆవిడకి నా మీద కోపమేం లేదు, వంట మీద మాటొస్తే మాత్రం పడదు.

వంటింటి_తక్కెడ · మంగళవారం ఉదయం 7.20

అయితే పొయ్యి దగ్గరికి వెళ్లకండి, సరుకుల చీటీ చూడండి. నెలకి నూనె ఎంత తెస్తారు? దాన్నే భాగించండి. ఎవరికీ తెలియక్కర్లేదు.

బెజవాడ_బుజ్జమ్మ · మంగళవారం రాత్రి 9.45

చూశాను.

నెలకి ఐదు లీటర్ల క్యాను ఒకటి. పచ్చళ్ల నూనె ఇందులో లేదు, ఆవకాయకి మే నెలలో పప్పునూనె విడిగా కొన్నాం. లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉంది కాబట్టి ఐదు లీటర్లు 4550 గ్రాములు. తొమ్మిదితో వేస్తే 40,950. ముప్ఫై రోజులకి భాగిస్తే 1365. ఐదుగురికి, మనిషికి రోజుకి 273.

రెండుసార్లు లెక్క చూసుకున్నా. మామయ్యకి అప్పడాలు, వడియాలు వేయించిన నూనె కొంత పోతుంది, నిజమే. కానీ బాబు పెద్దవాళ్లంత తినడు కదా, అదీ ఇదీ చెల్లు. నేను యాప్‌లో రాస్తున్నది కూరకి "ఒక స్పూను నూనె" 45, రెండు పూటలకి 90. ఇక్కడే 180 తేడా.

అన్నం కూడా తూచాను. కాటా మా ఆడపడుచు దగ్గర కేకులు చేసేది ఉంటే తెచ్చుకున్నా. నా మామూలు గరిటె కొలతతో వేసుకుని తూచితే 260 గ్రాములు. దీప గారన్నట్టు యాప్‌లో 205 అనే ఉంది. తక్కెడ గారి లెక్కన 325. ఇంకో 120.

జువాలజీ_మాస్టారు · మంగళవారం రాత్రి 10.10

300 దొరికింది. కాఫీ సంగతేంటమ్మా?

బెజవాడ_బుజ్జమ్మ · బుధవారం ఉదయం 6.30

మాస్టారూ, ఇప్పుడే తాగుతూ లెక్కేశాను. యాప్‌లో "కాఫీ, పాలతో" 40 అని ఉంటే అదే రాస్తున్నా. మా ఇంట్లో పాలు ఫుల్ క్రీమ్, పెరుగు గడ్డగా తోడుకోవాలని. ఫిల్టర్ కాఫీలో పాలు 100 మిల్లీలీటర్లు పడుతున్నాయి. చక్కెర "ఒకటిన్నర స్పూను" తూచితే 8 గ్రాములు. అన్నీ కలిపి 120. రెండు కాఫీలకి 160 తేడా.

ఇంకోటి చెప్పడానికే సిగ్గేస్తోంది. బాబు వదిలేసిన దోసె ముక్క, వాడి టిఫిన్ డబ్బాలో మిగిలినది, కూర ఉప్పు చూడటం. "పారేస్తే పాపం" అని నోట్లో వేసుకుంటా. ఒక 50 ఉంటుందేమో.

180, 120, 160, 50. మొత్తం 510.

కరీంనగర్_శ్రీను · బుధవారం ఉదయం 8.20

మాస్టారు లెక్కలో తేడా వచ్చిన 500 సరిగ్గా దొరికింది కదా! నా ట్రైనర్‌కి ఈ చర్చ పంపిస్త.

సరే నాది కూడా చెప్తా, ఎవరూ తిట్టొద్దు. సోమవారం నుంచి శనివారం దాకా గ్రాము తప్పకుండా 1900 రాస్త. ఆదివారం రాయ, అది చీట్ డే. ఆ రోజు మటన్, పొద్దున సర్వపిండి, సాయంత్రం దోస్తులతో రెండు బీర్లు. ఒక్క రోజే కదా?

డాలస్_దీప · బుధవారం ఉదయం 9.00

తమ్ముడూ, 650 మిల్లీలీటర్ల బీరు సీసా ఒక్కోటి 270-280 దాకా ఉంటుంది. రెండంటే 550. నంజుకునే పల్లీలు దోసెడు, ఇంకో 300. మటన్ కూరలో తేలే నూనె సంగతి నీకే తెలుసు. సర్వపిండికి కన్నాలు పెట్టి మరీ నూనె పోస్తారు! ఆదివారం మామూలు కన్నా 2000 ఎక్కువ పోయినా ఆశ్చర్యం లేదు. ఏడుతో భాగించు, రోజుకి 285. వారం అంతా కూడబెట్టినదాంట్లో చాలా భాగం ఆ ఒక్క రోజే కట్టేస్తున్నావు.

కరీంనగర్_శ్రీను · బుధవారం ఉదయం 9.04

మరి నా వాచీ రోజుకి 600 ఖర్చయిందని చూపిస్తుంది కదా అక్కా, అది కూడా తినొచ్చని యాప్ కలుపుతుంది.

జువాలజీ_మాస్టారు · బుధవారం ఉదయం 11.15

ఆ కలపడం ఆపెయ్యి నాయనా. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడు రకాల చేతి వాచీల్ని పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే చూపించాయి. క్యాలరీల దగ్గర మాత్రం అన్నిటికన్నా మెరుగైన వాచీ కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది, అధ్వానమైనది 93 శాతం. నడవడం మంచిదే, నడువు. దానికి ప్రతిఫలంగా వాచీని అడిగి భోంచెయ్యకు.

హాస్టల్_పిల్ల · బుధవారం రాత్రి 11.40

అక్కా, నేను కూడా అడగొచ్చా? వయసు 21, ఎత్తు 160, బరువు 52. హైదరాబాద్‌లో హాస్టల్. 46కి రావాలని. మెస్‌లో ఏది ఎంతో తెలియదు, అందుకే భయమేసి రాత్రి తినడం మానేశా. రోజుకి 800 దాటకుండా చూసుకుంటున్నా. అయినా వారం నుంచి ఆగిపోయింది. మెస్‌లోకి కాటా తీసుకెళ్లాలా?

వంటింటి_తక్కెడ · గురువారం ఉదయం 5.40

తల్లీ, నువ్వు కాటా కొనొద్దు. నీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క, 20.3. మన దేశం వాళ్లకి పెట్టుకునే గట్టి లెక్కలో కూడా 23 దాటితేనే ఎక్కువ బరువు. నీకు తగ్గాల్సిన బరువే లేదు. ఇక్కడ మేం మాట్లాడుకునేది నీకు సంబంధించింది కాదు.

ఇవాళ రాత్రి మెస్‌కి వెళ్లి తిను. "భయమేసి" అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. నెలసరి సరిగ్గా వస్తోందా? తల తిరుగుతోందా? కాలేజీలో కౌన్సిలర్ ఉంటే వాళ్లకి, లేకపోతే డాక్టర్‌కి ఇదే ముక్క చెప్పు. అమ్మకి కూడా. నాకు విడిగా మెసేజ్ పెట్టు, మాట్లాడుకుందాం.

హాస్టల్_పిల్ల · గురువారం ఉదయం 8.15

మూడు నెలలుగా రావట్లేదు అక్కా. మెసేజ్ పెట్టాను.

డాలస్_దీప · గురువారం ఉదయం 8.30

మంచి పని చేశావురా.

సాయి_ఫిట్ · గురువారం మధ్యాహ్నం 1.10

ఇంత లెక్కలెందుకు, అన్నం మానేసి కొబ్బరినూనె డైట్ చేస్తే అయిపోతుంది కదా? అప్పట్లో మా ఊళ్లో అందరూ చేశారు, మొదటి వారంలోనే నాలుగు కిలోలు.

జువాలజీ_మాస్టారు · గురువారం మధ్యాహ్నం 3.00

ఆ మొదటి వారం నాలుగు కిలోల్లో కొవ్వెంతో చూద్దాం. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, ఒక్కో గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీటితో కలిపి. అన్నం మానగానే ఆ నిల్వ కరుగుతుంది, నీరు బయటికి పోతుంది. మళ్లీ అన్నం తిన్న రోజున తిరిగొస్తుంది. కిలో కొవ్వంటే దాదాపు 7700 క్యాలరీలు. నాలుగు కిలోలంటే 30,800. వారంలో అంత లోటు రావాలంటే నోరు పూర్తిగా కట్టేసుకున్నా చాలదు.

ఎవరికి ఏ తిండి పడితే ఆ తిండితో తగ్గొచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ నూనె తాగినా అదీ లెక్కలోకే వస్తుంది, గ్రాముకి తొమ్మిది.

బెజవాడ_బుజ్జమ్మ · శుక్రవారం రాత్రి 10.00

నిర్ణయించుకున్నవి చెప్తాను. అన్నం 180 గ్రాములు తూచి వేసుకుంటా. రోజుకి ఒక్క కాఫీ, నాకు వేరే టోన్డ్ పాల ప్యాకెట్టు, చక్కెర ఒక స్పూను సమంగా. బాబు ప్లేటు వాడిదే, మిగిలితే మిగిలింది. నూనె సంగతి ఇప్పుడే కదపను, కూరలకి నా వంతు రోజుకి 270 అని యాప్‌లో నేనే ఒక పేరు పెట్టి రాసేసుకుంటున్నా. "అత్తయ్య నూనె" అని.

బరువు రోజూ పొద్దున చూసుకుని వారం సగటు మాత్రమే పట్టించుకోమని తక్కెడ గారు మెసేజ్‌లో చెప్పారు. నెలసరికి ముందు వారం ఎటూ కిలో పెరుగుతుంది కాబట్టి, ఈ నెల రెండో వారాన్ని వచ్చే నెల రెండో వారంతోనే పోల్చుకోవాలట. ఆవకాయ తిన్న మర్నాడు కాటా ఎక్కకూడదని మాత్రం నాకు నేనే రూలు పెట్టుకున్నా.

మూడు వారాల తర్వాత వస్తాను.

బెజవాడ_బుజ్జమ్మ · మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 7.30

వచ్చాను.

వారం సగటు 70.3. కిలో పైన దిగింది. మొదటి పది రోజులు కాటా 71.8 కూడా చూపించింది, ఇక్కడ మాటిచ్చాను కాబట్టి ఆగాను కానీ లేకపోతే వదిలేసేదాన్నే. పన్నెండో రోజు నుంచి దిగడం మొదలుపెట్టింది. ఆకలి పెద్దగా పెరగలేదు, సాయంత్రం రెండో కాఫీ లేకపోవడమే ప్రాణం మీదికొచ్చింది.

అసలు కబురు అది కాదు. రెండో వారంలో అత్తయ్య కాటా చూసేశారు. నేను ఏదేదో చెప్పబోతుంటే ఆవిడ బండి మీద కొన్న టమాటాల సంచీ తెచ్చి దాని మీద పెట్టారు. కిలో అని ఇచ్చినవి 870 గ్రాములు! ఇంక చూడండి. ఉల్లిపాయలు, బెండకాయలు, చిల్లరకొట్టు కందిపప్పు, అన్నీ కాటా ఎక్కుతున్నాయి. కూరగాయల బండి అబ్బాయి మా గుమ్మం ముందు ఆగడం మానేశాడు. పక్కింటివాళ్లు కూడా వాళ్ల సంచులు పట్టుకుని వస్తున్నారు.

మొన్న ఆవిడే నూనె గిన్నె పెట్టి, "మైనస్ నలభై ఎనిమిది అంటోందేమిటే, ఇది పాడైందా?" అన్నారు. పాడవలేదు అత్తయ్యా, మీరు దొండకాయ వేపుడులో పోసింది అంత అని చెప్పాను. కాసేపు కాటా వైపే చూసి, "ఇంత పోశానా?" అన్నారు. ఇంకేం అనలేదు. ఈ నెల క్యానులో ఇంకా లీటరు పైన మిగిలేట్టుంది.

వంటింటి_తక్కెడ · ఆదివారం ఉదయం 7.50

అయితే "అత్తయ్య నూనె" 270 నుంచి తగ్గించి రాయండి, లేకపోతే ఈసారి లెక్క అటువైపు తప్పుతుంది!

హాస్టల్ పిల్ల గురించి అడుగుతున్నవాళ్లకి: వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లారు, డాక్టర్‌కి చూపిస్తున్నారు. అంతకు మించి ఇక్కడ రాయను.

కరీంనగర్_శ్రీను · ఆదివారం ఉదయం 9.30

నాది 86.9. ఆదివారం కూడా రాస్తున్న. ఒక బీరు ఉంచుకున్న, అది మాత్రం అడగకండి. మా ఇంట్ల కూడా కాటా తెచ్చిన కానీ ఒక డౌటు: కుక్కర్‌లో పప్పు వండితే కుక్కర్‌తో సహా పెడితే కాటా "ఎర్రర్" అంటుంది. ఎట్ల తూచాలి?

బెజవాడ_బుజ్జమ్మ · ఆదివారం ఉదయం 9.41

కుక్కర్ లోపల గిన్నె పెట్టి వండండి శ్రీను గారూ, ఆ గిన్నె ఒక్కటే తీసి తూచండి. మూత తీశాక ఆవిరి పోనిచ్చి, గిన్నె అడుగున తడి తుడిచాకే పెట్టండి. మా ఆడపడుచు కాటా అలాగే తడిసి పాడైపోయింది, ఇప్పుడు ఆవిడకి కొత్తది కొనివ్వాలి.

డాలస్_దీప · ఆదివారం రాత్రి 8.05

రెండు కొనండి. అందులో ఒకటి ఎటూ మీ అత్తయ్య గారు ఎవరికీ ఇవ్వరు.